ఎండ తాగేసిన నీళ్లు

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర ప్రాథమిక పాఠశాల. సెలవులయ్యాక ఐదో తరగతి పిల్లలకు నాలుగులో చెప్పిన సైన్సు గుర్తులేదు. నీరు ఆవిరవడం అంటే ‘ఎండ తాగేసింది’ అంటున్నారు. పాత పాఠాలన్నీ మళ్లీ చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక టీచర్

జవాబు: అన్నీ చెప్పకండి టీచర్ గారూ, టైం చాలదు, పిల్లలకూ విసుగే. ‘ఎండ తాగేసింది’ అన్నారంటే సగం తెలిసినట్టే, అక్కడే పట్టుకోండి. ఇస్కపల్లి ఉప్పుమడులు మీకు పక్కనే కదా! రెండు పళ్లేల్లో సమానంగా ఉప్పునీళ్లు పోసి ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టించి, రేపు ఏమవుతుందో ముందే నోటుబుక్కులో రాయించండి (మన నెల్లూరు ఎండకు ఎక్కువసేపు ఆగక్కర్లేదు లెండి). తప్పు రాసినా కొట్టేయొద్దు. ఎండ తాగితే ఉప్పు ఎందుకు మిగిలిందని అడగండి. ఇంకో గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, ప్లాస్టిక్ కవరు బిగించి ఎండలో పెడితే లోపలివైపు చుక్కలు కడతాయి, అవి నాకి చూస్తే ఉప్పగా ఉండవు. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుందని అప్పుడు చెప్పండి. రోజూ మొదటి పది నిమిషాలు ఇలా పాతవాటికి ఇచ్చి, మిగతా పీరియడ్‌లో కొత్త పాఠం నడిపించండి.