ఇల్లు పెద్దదని మురిసిపోకు

చెల్లాయ్, నీ మెయిల్‌లో పదకొండు ప్రశ్నలున్నాయి, లెక్కపెట్టాను. ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో తొమ్మిదేళ్ళు ఉన్నాం, బ్రిటిష్ పాస్‌పోర్టులు వచ్చాయి, ఆయనకి ఎల్-1 వీసా మీద అమెరికాలో డాలస్‌కి కంపెనీ ట్రాన్స్‌ఫర్, సోఫాలు కంటైనర్‌లో వేయించాలా, కెటిల్ పనిచేస్తుందా, బాబు బడి సంగతేమిటి, డాక్టరు ఖర్చు ఎంతవుతుంది, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఎంత పెద్ద ఇల్లు తీసుకోవచ్చు... అన్నీ అడిగావు. పొద్దున తొమ్మిదింటికి ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఎవరితో మాట్లాడతావో మాత్రం అడగలేదు. 2011లో ఇంగ్లండ్ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు నేనూ అడగలేదులే.

రూల్స్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఎల్-1 వాళ్ళ భార్య ఉద్యోగం చేసుకోవడానికి విడిగా పర్మిట్ కార్డు కోసం ఎదురుచూడక్కర్లేదు, 2021 చివర్లో ఆ బాధ తప్పింది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది కాబట్టి గ్రీన్ కార్డు చకచకా వచ్చేస్తుందని మీవారు అనుకుంటున్నట్టున్నారు. వాళ్ళు చూసేది పాస్‌పోర్టు కాదు, పుట్టిన దేశం. తెనాలిలో పుట్టినవాళ్ళు ఏ పాస్‌పోర్టు పట్టుకున్నా ఇండియా క్యూలోనే నిలబడాలి. ఇంగ్లండ్ ఖాతాల్లో డబ్బు అంతా కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఇక్కడ చెప్పాలి. ఐసా అనే పొదుపు ఖాతాకి అక్కడున్న పన్ను మినహాయింపు ఇక్కడ చెల్లదు. మిగతావన్నీ ప్రభుత్వ సైట్లలో ఉన్నాయి. చదువుకున్నదానివి, చూసుకో.

ఇక అసలు సంగతి.

ఇంగ్లండ్‌లో మేమున్నది రెడింగ్. అక్కడ మాది రెండు బెడ్‌రూముల టెర్రస్ ఇల్లు, అంటే పక్కింటికీ మనకీ ఒకటే గోడ. పక్కింటావిడ తుమ్మితే మా వంటింట్లోంచి శతాయుష్షు అనేవాళ్ళం, గోడలు అంత పల్చన. ఎనిమిదేళ్ళు అందులో ఇరుక్కుని ఉన్నవాళ్ళం, ఫ్రిస్కోలో అదే అద్దెకి 3,000 చదరపు అడుగులు అనేసరికి మతి పోయింది. నాలుగు బెడ్‌రూములు, మేడ మీద పిల్లల ఆటగది, వెనక ఆరడుగుల చెక్క కంచె. ఫోటోలు పంపిస్తే మా అమ్మ గుంటూరులో వీధంతా తిరిగి చూపించింది. కొత్త కాలనీ, మాది వీధి చివరి ఇల్లు, అవతల ఖాళీ నేల. ప్రశాంతంగా ఉంటుందని నేనే పట్టుబట్టి ఆ ఇల్లు తీయించాను. మావారు ఇప్పటికీ ఆ మాట గుర్తుచేస్తుంటారు.

మా కాలనీలో గరాజ్‌లు ఇంటి వెనక సందులోకి ఉండేవి. సాయంత్రం కారు సందులోకి వస్తుంది, తలుపు పైకి లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగిపోతుంది. మనిషి కనబడడు. వీధి వైపు తలుపు తీసేది పార్సిల్ వచ్చినప్పుడే. సందుకి అవతలివాళ్ళది తెల్ల కారని తెలుసు గానీ, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో మొదటి ఆరు నెలలూ నాకు తెలియదు.

మేం దిగింది ఆగస్టులో. ఆ ఏడు డాలస్‌లో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గని రోజులు 71. ఇంతవరకూ అదే రికార్డు. గుంటూరు ఎండల్లో పుట్టిపెరిగినదాన్ని, నాకేమిటి అనుకున్నాను. రెండో వారంలో ఒకరోజు పాలు అయిపోయాయి. రెడింగ్‌లో అయితే చెప్పులేసుకుని వెళ్ళి తెచ్చేసేదాన్ని. మ్యాపులో చూస్తే షాపు ఒక్క మైలు. నాలుగున్నరేళ్ళ బాబు చేయి పట్టుకుని బయల్దేరాను. కాలనీ చివరిదాకా ఫుట్‌పాత్ ఉంది, అక్కడితో తెగిపోయింది. ఆ తర్వాత ఎండిపోయిన గడ్డి, పక్కనే ఆరు లేన్ల రోడ్డు. గడ్డిలో నాలుగడుగులు వేశామో లేదో వాడు కెవ్వున అరిచాడు. చెప్పు నిండా ఎర్రచీమలు. ఇక్కడి చీమలు మన చీమల్లా కుట్టి ఊరుకోవు, మర్నాటికి చీము పొక్కులు లేస్తాయి.

వాడి కాలు దులుపుతుండగా ఒక కారు ఆగింది. లోపల ఒక అమెరికన్ ఆవిడ, వెనక సీట్లో మావాడి ఈడు పిల్లాడు. "కారు ఆగిపోయిందా?" అంది.

"లేదండీ, నడిచి వెళ్తున్నాం" అన్నాను.

"ఎందుకు?"

వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగింది. నా దగ్గర జవాబు లేదు. షాపుకి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి దగ్గర దింపి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళింది. వారం తర్వాత మెసేజ్: మావాడి పుట్టినరోజు, 9/10, మధ్యాహ్నం మూడింటికి, తప్పకుండా రండి.

నా సంతోషం ఏం చెప్పను. ఈ దేశంలో నాకొచ్చిన మొదటి పిలుపు అది. ఇంకా నెల పైన టైముంది కదా అని తీరిగ్గా బొమ్మ రైలు కొన్నాను, కాగితం చుట్టించాను. అక్టోబరు 9 ఆదివారం కూడాను, అనుమానమే రాలేదు. పట్టు చుడీదార్ వేసుకుని, బాబుకి టక్ చేసి, మూడింటికల్లా వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాం. ఆవిడ నైట్ ప్యాంటులో తలుపు తీసింది. చేతికి సబ్బునురగ. మా వైపు చూసింది, చేతిలో పొట్లం వైపు చూసింది. అప్పుడర్థమైంది నాకు. ఇక్కడ నెల ముందు, తేదీ తర్వాత. పార్టీ సెప్టెంబరు 10న అయిపోయింది. నేను కబురైనా చేయకుండా ఎగ్గొట్టాననుకుని ఉంటుంది పాపం. "అయ్యో, ఎంత మంచివారు" అంటూ పొట్లం తీసుకుంది, నవ్వింది, లోపలికి రమ్మంది కూడా. నేనే సిగ్గుతో వెనక్కి తిరిగాను. ఆ తర్వాత మూడు నెలలు ఆ వీధివైపు కూడా వెళ్ళలేదు. పొరపాటు తేదీతో పోయింది. ఆ మూడు నెలలు మాత్రం నా మూర్ఖత్వం. మర్నాడే ఫోన్ చేసి నవ్వేసి ఉంటే సరిపోయేది.

బడి గురించి అడిగావు కదా. మీ బాబు నాలుగేళ్ళకే రిసెప్షన్ క్లాసులో చేరి ఉంటాడు. టెక్సస్‌లో సెప్టెంబరు 1కి అయిదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్. మావాడు డిసెంబరులో పుట్టాడు. అక్కడే ఉంటే ఆ సెప్టెంబరులో బడికి వెళ్ళేవాడు, ఇక్కడ ఇంకో ఏడాది ఇంట్లోనే. పిల్లాడి చదువు వెనకబడుతుందని మావారు బెంగపెట్టుకున్నారు గానీ వాడికేం కాలేదు. వెనకబడింది నేను. ఇంగ్లండ్‌లో అయితే బడి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే నలుగురు తల్లులు పలకరిస్తారు. ఇక్కడ ఏడాది ఆగి వాణ్ణి బడిలో వేశాక చూస్తే గేటు దగ్గర నిలబడేవాళ్ళే లేరు. కార్ల వరస. అద్దం దగ్గర పిల్లాడి నంబరు రాసిన అట్ట, తల్లులు ఎవరి కారులో వాళ్ళు ఫోన్ చూసుకుంటూ. టీచరు తలుపు తీస్తుంది, పిల్లాడు ఎక్కుతాడు, కదలాలి.

అందుకే లైసెన్స్ సంగతి ఇంతగా చెప్తున్నాను. ఇక్కడ కాపురం పెట్టాక బ్రిటిష్ లైసెన్స్ 90 రోజులే. నాకేమో పొగరు. ఇంగ్లండ్‌లో రౌండబౌట్లలో తిప్పినదాన్ని, మళ్ళీ పరీక్షేమిటి అని ఏడు నెలలు సాగదీశాను. ఆ ఏడు నెలలూ మంగళవారమైనా శనివారమైనా నాకు ఒకటే. నువ్వు దిగిన మొదటి వారమే పరీక్షకి అపాయింట్‌మెంట్ పెట్టుకో. రెండు కార్లు కొనండి, పాతవైనా సరే. ఎర్రలైటు దగ్గర ఆగి చూసుకుని కుడివైపు తిరగొచ్చు, వెనకవాడు హారన్ కొట్టాకే నాకు తెలిసింది. స్కూలు బస్సు ఎర్రలైట్లు వేసి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురునుంచి వచ్చేవాళ్ళూ ఆగాలి. మావారిని ఒకసారి పోలీసు ఆపితే, ఇంగ్లండ్ అలవాటున మర్యాదగా దిగి ఎదురెళ్ళారు. మైకులో ఒకటే అరుపు, లోపలికెళ్ళి కూర్చోమని. మీవారికి చెప్పు, కదలకుండా చేతులు స్టీరింగ్ మీద పెట్టుకోవాలి.

డాక్టరు ఖర్చా? ఇన్సూరెన్స్ కాగితంలో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనం పెట్టుకోవాల్సింది) ఎంత, ఏడాదికి జేబులోంచి పోయేది గరిష్ఠంగా ఎంత, ఆ రెండు అంకెలు చూసుకో. ఇంగ్లండ్‌లో ఏ మందైనా 9.90 పౌండ్లే అనే లెక్క మర్చిపో. నాకు మాత్రం అక్కడి జీపీ, అంటే మామూలు డాక్టరు, దగ్గర వెయిటింగ్ రూమే ఇప్పటికీ గుర్తొస్తుంది. గంటసేపు కూర్చోబెట్టేవారని అప్పుడు తిట్టుకునేదాన్ని. ఆ గంటలో ఇద్దరు ముసలమ్మలు పరిచయమయ్యేవారు, వాన గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ పది నిమిషాల్లో నర్సు పిలిచేస్తుంది. ఇక వానా? వేసవిలో ఇక్కడ రోజూ ఒకటే ఆకాశం, దాని గురించి ఎవరితో ఏం మాట్లాడతాం?

అమ్మతో మాట్లాడుకుంటానంటావేమో. రెడింగ్‌లో వేసవిలో తేడా నాలుగున్నర గంటలు. మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్ చేస్తే అమ్మ సాయంత్రం మల్లెపూలు కడుతూ మాట్లాడేది. ఇక్కడ వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇల్లు భరించలేనంత నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు గుంటూరులో అర్ధరాత్రి. ఫోన్ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేసిన రోజులు ఎన్నో. పైగా హీత్రూ నుంచి హైదరాబాదుకి నేరుగా విమానం ఉంది. డాలస్ నుంచి ఎక్కడో దిగి మారాల్సిందే.

ఫ్రిస్కోలో ఎటు చూసినా తెలుగువాళ్ళే కదక్కా అని నువ్వు రాసిన వాక్యం చదివి నవ్వుకున్నాను. నిజమే, ఇప్పుడు షాపులో గోంగూర దగ్గర మనవాళ్ళే అడ్డం తగులుతారు. కార్యసిద్ధి హనుమాన్ గుడిలో మంగళవారం, శనివారం జనం. పులిహోర తింటూ మూడు ప్రశ్నలు అడుగుతారు: ఏ ఊరు, ఎక్కడ చేస్తారు, ఏ వీసా. జవాబులు అయ్యేసరికి ప్రసాదం అయిపోతుంది, ఎవరి కారు వాళ్ళది. మాట యాస కాస్త మారిందని చాలాకాలం నన్ను 'లండన్ ఆవిడ' అనేవారు. ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్ళూ నేను ఇండియన్‌ని, ఇక్కడ ఇండియన్లలో నేను లండన్‌దాన్ని. ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్ళ సాహిత్య సభ 'నెలనెలా తెలుగు వెన్నెల'కి వెళ్ళడం మొదలుపెట్టాక కొందరు దగ్గరయ్యారు. అక్కడ వీసా అడగరు, పద్యం అడుగుతారు.

నన్ను గట్టెక్కించింది మాత్రం ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. 2012 ఫిబ్రవరిలో, మావారు వెంట తీసుకెళ్ళిన షాపులో, ఇంటర్నేషనల్ అని రాసి ఉండే ఆ సగం వరస అరల దగ్గర కలిసింది. ఒక పక్క మ్యాగీ, ఇంకో పక్క పీజీ టిప్స్ టీ, హెచ్‌పీ సాస్, నాలుగు రెట్ల ధరకి బీన్స్ డబ్బాలు. ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు ఆ బీన్స్ ఒక్కసారి తినలేదు నేను, ఇక్కడ చూస్తే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పీజీ టిప్స్ డబ్బా కోసం చేయి చాపితే ఇంకో చేయి తగిలింది. ఇద్దరం ఒకేసారి 'సారీ' అన్నాం. ఆ సారీ వినగానే ఇద్దరికీ అర్థమైపోయింది. ఆవిడ ఇక్కడికొచ్చి ముప్ఫయ్యేళ్ళు, భర్త పోయి నాలుగేళ్ళు. బస్సెక్కడం గుర్తుందా అని నన్నే అడిగింది. రెడింగ్‌లో 17 నంబరు బస్సు మేడ మీద ముందు సీటు నాది అని చెప్పాను. ట్రాలీలు అడ్డం పెట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాం. మావారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు.

వెళ్తూ ఆవిడ అడిగింది, నువ్వు ఏ రోజు వస్తావు అని. మంగళవారం అన్నాను, అప్పటికప్పుడు నోటికొచ్చింది. అయితే మంగళవారం పదింటికి, ఇక్కడే అంది. మొదటి రెండు వారాలు మావారే ఆఫీసుకి వెళ్తూ దింపారు. మూడో వారం నుంచి ఆవిడే వచ్చి, పక్కన కూర్చుని నాచేత డ్రైవింగ్ చేయించింది. మార్చిలో మొదటిసారికే పాసయ్యాను, మావారికి రెండుసార్లు పట్టింది, అది వేరే సంగతి. ఇప్పటికీ మంగళవారం పదింటికి వెళ్తాను. ఆవిడకి ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు, నేనే వెళ్ళి ఎక్కించుకుని వస్తాను.

ఇల్లు ఎంత పెద్దది అన్నావు కదా, 1,500 అడుగులు చాలు. బడికో పార్కుకో నడిచి వెళ్ళగలిగే చోట చూడు, ఫుట్‌పాత్ మధ్యలో తెగకుండా అక్కడిదాకా ఉందో లేదో మ్యాపులో కాదు, నడిచి చూసుకో. సోఫాలు అమ్మేసి రా. కెటిల్ తేకు. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ కరెంటుని మార్చదు, ఇక్కడ 120 వోల్టులే. నేను తెచ్చిన కెటిల్ నిండా నీళ్ళు కాగడానికి పావుగంట పట్టేది, ఇప్పుడు అందులో కరివేపాకు మొక్క ఉంది. సూట్‌కేసులో చోటు మిగిలితే పీజీ టిప్స్ 240 బ్యాగుల డబ్బా రెండు పెట్టుకో, ఒకటి నీకు, ఒకటి మా లీడ్స్ ఆవిడకి. మంగళవారం తీసుకురా.