ఒకే కాలనీలో ముగ్గురికి క్యాన్సర్.. బోరు నీళ్లే కారణమా?

ప్రశ్న: మా కాలనీలో సుమారు వెయ్యి మందిమి ఉంటాం. ఈ ఏడాది ముగ్గురికి క్యాన్సర్ అని తేలింది. ఒకావిడకు రొమ్ములో, ఒకరికి ఊపిరితిత్తుల్లో, ఇంకొకరికి పెద్దపేగులో. కిందటేడు ఎవరికీ రాలేదు. అందరం ఒకే బోరు నీళ్లు తాగుతాం. ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామంటోంది మా ఆవిడ. మా నాన్నగారికి 62 ఏళ్లు. ఖైనీ అలవాటుంది. నెల రోజులుగా ఆయన నోట్లో పుండు మానడం లేదు. అదీ నీళ్ల వల్లేనేమోనని టెన్షన్‌గా ఉంది.

సలహా: ముందు మీ నాన్నగారి సంగతి. ఖైనీ వాడేవారికి నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే పరీక్ష చేయించాల్సిందే. ఈ వారమే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. క్యాన్సరే అయినా తొలిదశలో దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఖైనీ ఈ రోజే మాన్పించండి.

ఇక కాలనీ విషయం. మన దేశంలో ఏటా లక్ష మందిలో సుమారు వంద మందికి కొత్తగా క్యాన్సర్ బయటపడుతోంది. అంటే వెయ్యి మందికి ఏడాదికి సగటున ఒక్కరు. అలాగని ప్రతి ఏడాదీ సరిగ్గా ఒక్కరికే రాదు. పెళ్లిలో అక్షింతలు వేశాక నేల మీది టైల్స్ చూడండి. ఒకదాని మీద నాలుగు గింజలు పడతాయి, పక్కదాని మీద ఒక్కటీ ఉండదు. ఎవరూ గురి చూసి వేయలేదు కదా!

ఇలా అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగేవాటిని లెక్కించడానికి మేం వాడేది పాయిజాన్ విభాజనం. ఇంటర్ లెక్కల్లో చాలామంది చదివే ఉంటారు. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే గణాంక నిపుణుడు అప్పటి జర్మనీలోని ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్క తీశారు. పది దళాలు, ఇరవై ఏళ్లు, మొత్తం 122 మరణాలు. ఒక్కో దళానికి ఏడాదికొక లెక్క చొప్పున చూస్తే 200 లెక్కల్లో 109 సార్లు ఒక్క మరణమూ లేదు, మూడుసార్లు ముగ్గురేసి, ఒకసారి నలుగురు పోయారు. సూత్రం చెప్పిన అంకెలూ దాదాపు ఇవే.

అదే సూత్రం మీ కాలనీకి వేద్దాం. సగటు ఒకటైతే, ఇలాంటి వంద కాలనీల్లో ఏడాదికి దాదాపు 37 చోట్ల ఎవరికీ రాదు, 37 చోట్ల ఒక్కరికి, 18 చోట్ల ఇద్దరికి, 8 చోట్ల ముగ్గురికి లేదా అంతకన్నా ఎక్కువ మందికి వస్తుంది. అయిదేళ్లలో ప్రతి మూడు కాలనీల్లో ఒకటి మీలాంటి ఏడాదిని చూస్తుంది. పెద్ద వయసువాళ్లు ఎక్కువుంటే ఇంకా తరచుగా.

ముగ్గురే కదా అని ప్రతిచోటా వదిలేయలేం. 1974లో అమెరికాలోని కెంటకీలో ఒక పీవీసీ ఫ్యాక్టరీ కార్మికులు ముగ్గురు లివర్ యాంజియోసార్కోమాతో చనిపోయారని బయటపడింది. అదెంత అరుదైన క్యాన్సరంటే, ఒక ఫ్యాక్టరీలో దాని సగటు దాదాపు సున్నా. అక్కడ కారణం పీవీసీ తయారీలో వాడే వినైల్ క్లోరైడ్ అనే రసాయనమని తేలింది. మీ దగ్గర మూడూ వేర్వేరు అవయవాలకు వచ్చిన, తరచుగా కనిపించే క్యాన్సర్లు. మూడింటికీ ఒకే కారణం ఉండే అవకాశం తక్కువ. డెంగీ అయితే నేనీ మాట చెప్పను. ఒకే దోమ ఇంట్లో నలుగురిని కుట్టగలదు కాబట్టి కేసులు గుంపుగానే వస్తాయి, అక్కడ పాయిజాన్ లెక్క సరిపోదు.

బోరు నీటిని ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్‌లకు ఒకసారి పరీక్ష చేయించండి. క్యాన్సర్ భయం లేకపోయినా చేయించాల్సిన పనే అది. ఒకే రకం అరుదైన క్యాన్సర్ ఇద్దరు ముగ్గురికి వచ్చినా, చిన్నపిల్లల్లో వరుసగా కనిపించినా జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఇల్లు మాత్రం ఇప్పుడే అమ్మకండి.