ఆ పేరు నీకెలా తెలిసింది?

ప్రియమైన చెల్లెమ్మకు,

నీ వ్యాసంలో అంటార్కిటికా సముద్రపు అడుగున తీసిన, స్పాంజి అనే సముద్రజీవి ఫోటో ఒకటి పెట్టి, దాని కింద "రోసెల్లా రాకోవిట్జే" అని రాశావు. ఆ పేరు నీకెలా తెలిసింది? తప్పు పట్టాలని అడగడం లేదు. ధ్రువసముద్రాల స్పాంజిల గురించి రాయబోయే ఎవరైనా ముందుగా తమను తాము అడగాల్సిన ప్రశ్న ఇది. మిగతా వ్యాసం బాగా వచ్చింది, వాక్యం నీ చేతిలో హాయిగా నడుస్తోంది. అందుకే ఉత్తరమంతా ఈ ఒక్క విషయం గురించే రాస్తున్నాను.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఇదే పని చేశాను. తెల్లటి కూజాలా ఉన్న స్పాంజి ఫోటో ఒకటి దొరికింది. ఏదో పుస్తకంలో అలాంటి బొమ్మే చూసిన గుర్తు. ఆ పేరే రాసేసి పత్రికకు పంపాను, అచ్చయింది. వారం తిరక్కుండా స్పాంజిల మీద పనిచేసే ఒకావిడ నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది ఒకటే ప్రశ్న: "స్పిక్యూల్స్ చూశారా?" నేను చూడలేదు. చూడాలని కూడా తెలియదు. తర్వాతి సంచికలో సవరణ వేయించాను. ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా గుర్తుంది, ఆ సిగ్గే నాకు ఈ విద్య నేర్పింది.

స్పాంజి విషయంలో కంటికి కనిపించే ఆకారాన్ని నమ్మలేం. ఒకే జాతి స్పాంజి నీటి ప్రవాహం గట్టిగా ఉన్నచోట ఒకలా, నిలకడగా ఉన్నచోట ఇంకోలా పెరుగుతుంది. దగ్గరి చుట్టరికం లేని రెండు జాతులు అచ్చం ఒకేలా బంతిలాగో, గొట్టంలాగో, కూజాలాగో ఉంటాయి. రంగు చూసి చెబుదామంటే, ఆల్కహాల్‌లో వేసిన కొద్ది రోజులకే చాలా స్పాంజిల రంగు వెలిసిపోతుంది. అందుకే ఓడ మీదికి రాగానే ముందు ఫోటో తీసి, రంగు, వాసన, ముట్టుకుంటే ఎలా ఉందో రాసుకుంటారు. అవన్నీ సాక్ష్యాలే. తీర్పు మాత్రం లోపల ఉంటుంది, స్పిక్యూల్స్‌లో. స్పిక్యూల్స్ అంటే స్పాంజి తన ఒంట్లో తానే తయారుచేసుకునే చిన్న ముళ్ళు. చాలా స్పాంజిల్లో అవి సిలికావి, అంటే గాజు లాంటి పదార్థంతో చేసినవి. కొన్నింటిలో కాల్షియం కార్బొనేట్‌వి.

వాటిని చూసే పద్ధతిని కొంచెం వివరంగా చెబుతాను. దీన్ని పక్కన కూర్చుని చూడకుండా రాసిన వాక్యాల్లో పట్టు ఉండదు. స్పాంజి నుంచి గోరంత ముక్క కోస్తారు. పైపొర నుంచి ఒకటి, లోపలి నుంచి ఒకటి వేరువేరుగా తీసుకుంటారు, ఎందుకంటే రెండు చోట్లా ముళ్ళు ఒకేలా ఉండవు. ముక్కను చిన్న గొట్టంలో వేసి బ్లీచ్ పోస్తారు. కండ కరిగిపోతుంది, అడుగున తెల్లటి పొడిలా కొంచెం మిగులుతుంది. దాన్ని నీళ్ళతో నాలుగైదు సార్లు, తర్వాత ఆల్కహాల్‌తో కడుగుతారు. కడిగిన ప్రతిసారీ పొడి అడుక్కి దిగేదాకా ఆగాలి. తొందరపడి నీళ్ళు వంపేస్తే అన్నింటికంటే చిన్న ముళ్ళు నీళ్ళతోపాటే పోతాయి, చాలాసార్లు జాతిని తేల్చేవి అవే. ఆ తర్వాత ఒక్క చుక్క స్లైడు మీద వేసి ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెడతారు. సిలికా స్పాంజి అని ఖాయంగా తెలిస్తే బ్లీచ్ బదులు నైట్రిక్ ఆమ్లం వాడేవాళ్ళూ ఉన్నారు. కాల్షియం స్పాంజి మీద ఆమ్లం పోస్తే ముళ్ళే కరిగిపోతాయి, చూడటానికి ఏమీ మిగలదు.

ఇదంతా సగం పనే. ముళ్ళు ఏ రకమో తెలిస్తే చాలదు, ఒంట్లో ఎలా అమరి ఉన్నాయో కూడా తెలియాలి. అందుకు స్పాంజిని పై నుంచి లోపలికి నిలువుగా పలచగా కోసి చూస్తారు. పెద్ద ముళ్ళు ఇంటికి దూలాల్లా అస్థిపంజరం కడతాయి, చిన్నవి కండలో చెదురుగా ఉంటాయి. ఒక్కో రకం ముల్లును కనీసం ముప్పై దాకా కొలిచి, అన్నిటికంటే చిన్నది, సగటు, అన్నిటికంటే పెద్దది మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రాస్తారు. నేను మొదటిసారి ఈ పని చూసినప్పుడు ముప్పై ఎందుకని అడిగాను. ఒక్క ముల్లు కొలిస్తే అది పెరుగుతున్న పిల్ల ముల్లు కావచ్చు అన్నారు.

నువ్వు కూడా ఒక్కసారైనా ఆ కుర్చీలో కూర్చో. జియోడియా స్పాంజిని కోస్తే కత్తి కింద ఇసుక నలిగినట్టు కరకరమంటుంది. పైన చిన్న గుండ్రటి బంతుల్లాంటి ముళ్ళు కిక్కిరిసి గట్టి తొడుగు కట్టి ఉంటాయి. లాట్రంక్యులియా స్పాంజి ముల్లు మైక్రోస్కోపులో అచ్చం చదరంగం బంటులా కనిపిస్తుంది. గాజు స్పాంజిలు అనే తరగతి వాటివైతే మూడు గీతలు ఒకదానికొకటి నిట్టనిలువుగా ఖండించుకున్నట్టు ఆరు కొమ్మలు చాస్తాయి. ఆ గాజు స్పాంజిల్లో మళ్ళీ రెండు పెద్ద శాఖలు. చిన్న ముళ్ళు ఆరు కొమ్మల నక్షత్రాల్లా ఉంటే ఒక శాఖ, రెండు చివర్లా గొడుగు తెరిచినట్టుంటే ఇంకో శాఖ. రోసెల్లా మొదటి శాఖది. ఇక డెండ్రిల్లా అంటార్కిటికా స్లైడులో నీకు ఏమీ కనిపించదు. దానికి ముళ్ళే లేవు, ఒళ్ళంతా స్పాంజిన్ అనే నారలే. ఆ ఖాళీ స్లైడు కూడా ఒక ఆనవాలే.

అంటార్కిటికా విషయంలో ఒక మోసం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకో. అక్కడ కొన్ని చోట్ల సముద్రపు అడుగంతా చనిపోయిన స్పాంజిల ముళ్ళు చాప పరిచినట్టు మందంగా పేరుకుని ఉంటుంది. బతికున్న స్పాంజి ఒంటికి ఆ పరాయి ముళ్ళు అంటుకుంటాయి. పైపొర ముక్క ఒక్కటే చూసి "ఇందులో ఫలానా ముల్లు ఉంది" అని రాస్తే పక్కింటి సామాను ఈ ఇంటిదని రాసినట్టే. లోపలి కోతలోనూ, వరుసగా అమరి కనిపిస్తేనే ఆ ముల్లు దానిది.

స్పిక్యూల్స్ మాట ఎంత చెల్లుతుందో చెప్పే కథ ఒకటుంది. క్లాడోరైజిడే కుటుంబం స్పాంజిలు చల్లటి లోతుల్లో బతుకుతాయి, సన్నగా, కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి. వాటిలో చాలావాటికి స్పాంజికి ఉండాల్సిన, నీళ్ళలోంచి తిండి వడగట్టే కాలువలే ఉండవు. అయినా వాటి ఒంట్లోని కొక్కెం లాంటి చిన్న ముళ్ళను చూసి పాత శాస్త్రవేత్తలు వాటిని సరైన బంధువుల పక్కనే చేర్చారు. అవి ఎలా తింటాయో 1995లో గానీ తెలియలేదు. మధ్యధరా సముద్రం గుహలో ఉన్న ఒక జాతిని గమనించిన వాసెలె, బూరీ-ఎస్నో అనే ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు, అది చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని పట్టి తింటుందని చూపించారు. ఆ కొక్కేలే వలలా పనిచేస్తున్నాయి.

ఇప్పుడు వర్గీకరణ గురించి. పాత యాత్రల నివేదికలు చదవడం నీకు ఇష్టమని తెలుసు, చదవాలి కూడా. సముద్ర పరిశోధనకు బయల్దేరిన ఛాలెంజర్ ఓడ 1872 నుంచి 1876 దాకా తిరిగి తెచ్చిన గాజు స్పాంజిల మీద షుల్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1887లో వేసిన నివేదికలోని బొమ్మల్ని నిపుణులు ఇప్పటికీ తెరిచి చూస్తారు. కానీ అందులోని పేరును అలాగే ఎత్తి రాయకు. స్పాంజిల ఇంటి పేర్లు చాలా మారాయి. 2002లో సిస్టెమా పోరిఫెరా అనే పెద్ద గ్రంథం అప్పటిదాకా ఉన్న ప్రజాతులన్నిటినీ (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ఒక్కచోట సరిచూసింది. 2012లో హోమోస్క్లీరోమార్ఫా అనే స్పాంజిల గుంపును విడదీసి నాలుగో తరగతిగా నిలబెట్టారు. మిగతా మూడు డెమోస్పాంజియే (స్పాంజిల్లో ఎక్కువ భాగం ఇందులోవే), గాజు స్పాంజిలు, కాల్షియం స్పాంజిలు. 2015లో మారో, కార్డెనాస్ కలిసి డెమోస్పాంజియే లోపలి క్రమాలను డీఎన్ఏ సాయంతో తిరగరాశారు. నేను చదువుకున్న హాడ్రోమెరిడా, హాలికాండ్రిడా లాంటి క్రమాలు పాతరూపంలో లేకుండా పోయాయి. ఏ పేరు రాసినా వరల్డ్ పోరిఫెరా డేటాబేస్‌లో చూసి, ఇవాళ అది చెల్లుతోందో లేదో తేల్చుకున్నాకే రాయి.

డీఎన్ఏ ఉంది కదా, ఇంకా ఈ ముళ్ళ గొడవ ఎందుకని నీ వ్యాసంలో ఒకచోట అన్నావు. అక్కడ నాకు మనసు ఒప్పలేదు. బార్‌కోడింగ్‌కు, అంటే చిన్న డీఎన్ఏ ముక్కను చదివి జాతిని గుర్తించడానికి, మామూలుగా వాడే మైటోకాండ్రియా జన్యువు స్పాంజిల్లో చాలా నిదానంగా మారుతుంది. రెండు వేర్వేరు జాతుల్లో అది ఒకేలా ఉండొచ్చు. పైగా స్పాంజి ఒంట్లో బాక్టీరియా లాంటి జీవులు కాపురం ఉంటాయి, నువ్వు చదివిన డీఎన్ఏ వాటిది కావచ్చు. ముల్లు, డీఎన్ఏ రెండూ కలిసి ఒకే మాట చెప్పినప్పుడే గట్టిగా రాయగలం.

అలా కలిసి చెప్పిన మాటకు జియోడియా పర్వా మంచి ఉదాహరణ. హాన్సెన్ అనే శాస్త్రవేత్త 1885లో దానికి పేరు పెట్టాడు. తర్వాత వాళ్ళు అది జియోడియా ఫ్లెగ్రేయి అనే ఇంకో జాతేనని తేల్చి ఆ పేరును పక్కన పెట్టారు. 2013లో ముళ్ళనూ డీఎన్ఏనూ కలిపి చూసి, కాదు, అది వేరే జాతేనని మళ్ళీ నిలబెట్టారు. ఇది కాగితం మీది తగాదా అనుకోకు. 2016లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధన ఓడ మధ్య ఆర్కిటిక్‌లో లాంగ్‌సెత్ పర్వతశ్రేణి శిఖరాల మీద కిక్కిరిసిన స్పాంజి తోటల్ని చూసింది. పైన మంచు, కింద ఆహారం దాదాపు శూన్యం. అక్కడి ముఖ్యమైన జాతుల్లో జియోడియా పర్వా ఒకటి, జియోడియా హెంట్షెలి ఇంకోటి, స్టెల్లెట్టా రాఫిడియోఫోరా మూడోది. వాటి సగటు వయసు 300 ఏళ్ళని, అక్కడ ఒకప్పుడు బతికి అంతరించిన గొట్టపు పురుగుల శిథిలాలను తమలోని సూక్ష్మజీవుల సాయంతో తింటున్నాయని 2022లో ప్రచురించారు. స్పాంజిల వెనక ముళ్ళ బాటలు కూడా కనిపించాయి, అంటే అవి నిదానంగా కదులుతున్నాయి! ఇదంతా ఏ జాతి గురించి చెబుతున్నామో తెలియకపోతే ఎవరి కథో తెలియని కథ అయ్యేది.

తెలియనప్పుడు ఎలా రాయాలన్నది నీకు ఇంకా పెద్ద ప్రశ్న. నిపుణులు దానికి చిన్న చిన్న గుర్తులు వాడతారు. ప్రజాతి పేరు పక్కన "ఎస్‌పి." అని ఉంటే ప్రజాతి దాకా తెలుసు, జాతి తేలలేదు అని. "సి.ఎఫ్." అని ఉంటే ఫలానా జాతిలా ఉంది, పోల్చి చూడాలి అని. "ఇన్‌డెట్." అంటే ఇంతకు మించి తేల్చలేకపోయాం అని. వ్యాసంలోకి తెచ్చేటప్పుడు సంపాదకులు అవి అడ్డమనిపించి కొట్టేస్తారు. కొట్టేయనివ్వకు. వాటినే తెలుగు మాటల్లో చెప్పు.

2021లో వచ్చిన ఒక పరిశోధన పత్రం చదువు. అంటార్కిటికాలో ఫిల్చ్నర్-రోన్ మంచు పలక కింద బురద తీద్దామని దాదాపు 900 మీటర్ల మంచుకు కన్నం వేశారు. కెమెరా కిందికి వెళ్ళి ఒక బండరాయికి తగిలింది. బయటి సముద్రానికి 260 కిలోమీటర్ల దూరంలో, చిమ్మచీకట్లో, ఆ రాయికి అంటుకుని స్పాంజిలు! నమూనా తీసే పరికరం వాళ్ళ దగ్గర లేదు. అందుకని కాడ ఉన్న స్పాంజి, కాడ లేని స్పాంజిలు, ఏ జంతువులో తేలని కాడ జీవులు అని మాత్రమే రాశారు. ఒక్క జాతి పేరూ పెట్టలేదు. ప్రపంచమంతా చదివిన వార్త అది, పేర్లు లేకపోయినా దాని బలం ఏమీ తగ్గలేదు.

ఇంకో చిన్న సంగతి. గాజు స్పాంజిలు 15,000 ఏళ్ళు బతుకుతాయని రాశావు. అది ఒక జాతికి, అంటార్కిటికా పక్కనున్న రాస్ సముద్రంలో కనిపించిన పెద్ద స్పాంజికి, లెక్క కట్టి వేసిన అంచనా. అదే జాతి ఆ సముద్రంలోనే మెక్‌మర్డో దగ్గర మనుషులు దించిన వస్తువుల మీద కొన్ని దశాబ్దాల్లోనే బాగా పెద్దదైందని 2013లో ఇంకో బృందం చూపించింది. అంటార్కిటికాలోనే 1995లో లార్సెన్-ఎ మంచు పలక కూలిన చోట 2007, 2011 మధ్య గాజు స్పాంజిల సంఖ్య మూడింతలైంది. కాబట్టి ఆ అంకెను అంచనా అనే రాయి, ఎవరి గురించి వేసిందో కూడా చెప్పు.

ఇక నీ ఫోటో సంగతి. రోసెల్లా అన్న పేరు అంటార్కిటికా యాత్ర చేసిన నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ మీదుగా వచ్చింది. ఆయన యాత్ర 1843లో ముగిసింది, ఆ యాత్రలో దొరికిన స్పాంజికి కార్టర్ అనే శాస్త్రవేత్త 1872లో పేరు పెట్టాడు. రాకోవిట్జే అన్న జాతికి, బెల్జికా ఓడలో అంటార్కిటికా యాత్రకు వెళ్ళిన జీవశాస్త్రవేత్త ఎమిల్ రాకోవిట్జా పేరు 1901లో టాప్సెంట్ అనే స్పాంజి నిపుణుడు పెట్టాడు. ఇంత మంది చేతుల మీదుగా వచ్చిన పేరును ఒక ఫోటో చూసి అతికించలేం. ఫోటో తీసిన బృందానికి రాయి. ఆ స్పాంజి నమూనా తీశారా, తీస్తే ఏ మ్యూజియంలో ఉంది, ఎవరు గుర్తించారు అని అడుగు. టెన్షన్ పడకు, మర్యాదగా అడిగితే చాలామంది జవాబిస్తారు. నమూనా లేదంటే ఫోటో కింద "గాజు స్పాంజిలా కనిపిస్తోంది, నమూనా తీయలేదు" అని రాసి, వ్యాసం మళ్ళీ నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ అక్క