ప్రొజెస్టిరాన్ లేకపోతే బ్యాలెన్స్ తప్పుతుందా? నా అనుభవం ఇదీ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను చెల్లీ. నువ్వూ నాలాగే ట్రాన్స్ మహిళవి, ఎనిమిది నెలలుగా ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మాత్రలు వాడుతున్నావు, ఛాతీ మొదట్లో కాస్త వచ్చి ఆగిపోయినట్టుంది. మీ దగ్గర ఒక అక్క "ఒట్టి ఈస్ట్రోజన్ అయితే బ్యాలెన్స్ తప్పుతుంది, ఆడవాళ్ళకి రెండూ ఉంటాయి కదా, వారానికో ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకో" అంది, నువ్వు ఒకటి వేయించుకున్నావు కూడా. ఇప్పుడు రెండోది వేయించుకోవాలా అని అడుగుతున్నావు. నువ్వు అని రాస్తున్నానని ఏమీ అనుకోకు, నీకు ఇరవై రెండు అన్నావు, నాకు ముప్ఫై నాలుగు.

వద్దు. రక్త పరీక్ష రిపోర్టు చేతికి వచ్చేదాకా అస్సలు వద్దు.

ముందు ఈ బ్యాలెన్స్ గోల ఏంటో చెప్తాను. ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఒట్టి ఈస్ట్రోజన్ ఇస్తే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది, అలా వదిలేస్తే క్యాన్సర్ దాకా పోవచ్చు, అందుకని ఆ పొరని అదుపులో పెట్టడానికి ప్రొజెస్టిరాన్ జత చేస్తారు. గర్భసంచి తీయించుకున్న ఆవిడకి మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే రాస్తారు. మన ఆంధ్రలో ఈ ఆపరేషన్లు ఎంత ఎక్కువో నీకు తెలిసే ఉంటుంది, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోకెల్లా మన రాష్ట్రమే ముందుంది. మా పిన్నికీ అదే ఆపరేషన్ అయింది, తర్వాత ఆవిడకి డాక్టరమ్మ ఈస్ట్రోజన్ మాత్ర ఒక్కటే రాసింది, "ఆ రెండోది నీకెందుకమ్మా, సంచే లేదు కదా" అందట. మనకీ సంచి లేదు. కాబట్టి ఆ లెక్కలో మనకి తప్పే బ్యాలెన్సూ లేదు.

మనం చూసుకోవాల్సిన తక్కెడ వేరు. ఒక పళ్ళెంలో ఈస్ట్రాడియాల్, అంటే ఒంట్లో ఉండే అసలు ఈస్ట్రోజన్, రెండో పళ్ళెంలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్. 2017లో వచ్చిన ఎండోక్రైన్ సొసైటీ గైడ్‌లైన్స్ ప్రకారం ఈస్ట్రాడియాల్ మిల్లీలీటరుకి 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండాలి, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల కన్నా కిందికి దిగాలి. చాలామందికి ఛాతీ ఆగిపోయింది అనిపించేది ఇక్కడ తేడా ఉండి, లేదా తొందరపడి. ఎనిమిది నెలలంటే ఏమీ కాదు చెల్లీ, రెండు మూడేళ్ళు పడుతుంది, మధ్యలో నెలల తరబడి కదలకుండా ఉండి మళ్ళీ నొప్పి మొదలవుతుంది.

ఇదంతా నాకు పుస్తకం చదివితే రాలేదు, దెబ్బ తిని తెలుసుకున్నాను. నేను నరసాపురం లేసు అల్లిక పని చేస్తాను, ఉండేది శివకోడు వైపు. మొదట్లో అందరిలాగే నేనూ గర్భనిరోధక మాత్రలు మింగాను, అట్టలకి అట్టలు. ఎవరూ చెప్పలేదు, వాటిలో ఉండేది ఇథినైల్ ఈస్ట్రాడియాల్ అని, అది లివర్‌లో తొందరగా కరగదని, రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు ఈస్ట్రాడియాల్ కన్నా బాగా ఎక్కువని. మాలా-డి లాంటివి ఇప్పటికీ మనవాళ్ళు రోజుకి మూడు నాలుగు వేసుకుంటారు, నీ దగ్గర ఎవరైనా వేసుకుంటుంటే మాన్పించు. పిక్క నొప్పి పుట్టి ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఇంట్లో కూర్చుని కాపడం పెట్టుకోకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. సిగరెట్ అలవాటుంటే ఇంకా ప్రమాదం.

తర్వాత మాత్రలు మాని ఇంజెక్షన్లకి వెళ్ళాను. ఒక మందుల షాపులో ప్రోజినాన్ డిపో అడిగితే ప్రొలూటాన్ డిపో ఇచ్చారు. పేర్లు చూడు, అన్నీ ప్రో అనే మొదలవుతాయి. ప్రోజినోవా మాత్ర, ప్రోజినాన్ ఇంజెక్షన్ ఈస్ట్రోజన్లు. ప్రొలూటాన్ ప్రొజెస్టిరాన్ జాతిది, హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ కాప్రోయేట్, గర్భిణులకి వేసేది. నేను చదవలేదు, వేసినాయనా చదవలేదు. నాలుగు నెలలు వారం వారం అదే. ఈస్ట్రోజన్ వెళ్తోందనుకుంటూ ఒంట్లోకి ఒక్క చుక్క వెళ్ళలేదు.

ఏమైందంటే, రాత్రి చలికాలంలో కూడా ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి, నైటీ తడిసిపోయేది. ముందు వచ్చిన కాస్త ఛాతీ కూడా మెత్తబడి జారిపోయింది. ఊరికే ఏడుపు. లేసులో ఒక పువ్వుకి పన్నెండు గొలుసు కుట్లు వేయాలి, నేను వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ కూడా పదకొండు వేసేదాన్ని, పదమూడు వేసేదాన్ని, వరస అయ్యాక గుడ్డ పరిచి చూస్తే ఒక పక్కకి గుంజుకుపోయి ఉండేది. ఒక టేబుల్ క్లాత్ మొత్తం విప్పేశాను. ఏజెంటు చేత మాటలు పడ్డాను, ఆయ్, ఆ మాటలు ఇక్కడ రాయను.

చివరికి కాకినాడలో ఒక హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్తే టెస్టులు రాశారు. ఈస్ట్రాడియాల్ 18, టెస్టోస్టిరాన్ 60 చిల్లర. అంటే ఆ ఇంజెక్షన్ టెస్టోస్టిరాన్‌ని తొక్కేసింది, ఈస్ట్రోజన్ ఇవ్వలేదు. రెండు పళ్ళేలూ ఖాళీ. ఆయన ఖాళీ సీసా తెమ్మన్నారు, అదృష్టం కొద్దీ ఒకటి సంచిలో ఉండిపోయింది, చూపించాను, కళ్ళజోడు పైకి తోసి పేరు పైకి చదివారు, అంతే. తిట్టలేదు కూడా.

నీ చేత వేయించిన ఇంజెక్షన్ కూడా ఆ జాతిదే అయ్యుండొచ్చు. లేదా అంతర అని ప్రభుత్వాసుపత్రుల్లో మూడు నెలలకోసారి ఇచ్చే గర్భనిరోధక ఇంజెక్షన్, అది మెడ్రాక్సీప్రొజెస్టిరాన్. 2002లో అమెరికాలో ముట్లుడిగిన ఆడవాళ్ళ మీద జరిగిన పెద్ద స్టడీలో, ఈస్ట్రోజన్‌తో ఇదే మెడ్రాక్సీ మాత్ర రూపంలో ఇచ్చిన గుంపులో రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు, రక్తం గడ్డలు ఎక్కువ కనిపించి ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. మనం ఆ వయసు వాళ్ళం కాదు, కాబట్టి అంకెలు మనకి అతికించి భయపెట్టను. కానీ ప్రొజెస్టిరాన్ అనే ఒక్క పేరు కింద నాలుగైదు వేరు వేరు మందులున్నాయని, ఒంట్లో ఒక్కోటి ఒక్కోలా ఉంటుందని తెలిస్తే చాలు. పైగా ఇంజెక్షన్ పడకపోతే వెనక్కి తీసే దారి లేదు, కరిగేదాకా భరించాలి. మాత్రో క్యాప్సూలో అయితే రేపు మానేయొచ్చు.

ఇంకో సంగతి, నువ్వు సైప్రోటిరాన్ వాడుతున్నావా? టెస్టోస్టిరాన్ తగ్గించడానికి చాలామందికి అదే రాస్తారు. అది వాడుతుంటే నీ ఒంట్లో ప్రొజెస్టిరాన్ పని చేసే మందు ఇప్పటికే ఉంది, అదీ గట్టిది. దాని మీద ఇంకో ఇంజెక్షన్ అంటే పులుసులో మళ్ళీ చింతపండు పిసకడమే. రోజుకి 10 మిల్లీగ్రాములు చాలామందికి సరిపోతుంది, 50 మిల్లీగ్రాముల మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డ వచ్చే అవకాశం పెరుగుతుందని 2020లో యూరప్ మందుల సంస్థ హెచ్చరించింది.

స్పైరనోలాక్టోన్ అయితే వేరే కథ. అసలు బీపీకి, గుండెకి ఇచ్చే మాత్ర, మూత్రం ఎక్కువ అవుతుంది, పొటాషియంని మాత్రం బయటికి పోనివ్వదు. నాకు అదే రాశారు. రెండు నెలల తర్వాత పొటాషియం 5.6 వచ్చింది. డాక్టరు గారు ఏం తింటావు అని అడిగి అడిగి చివరికి ఏం తాగుతావు అన్నారు. మా పెరట్లో చెట్లున్నాయండి, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి బొండాం తాగుతానండి అన్నాను. ఆయన నవ్వారు. వంద మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో రెండు వందల మిల్లీగ్రాములకి పైనే పొటాషియం ఉంటుంది, రెండు బొండాలంటే లెక్క వేసుకో. కోనసీమలో పుట్టి బొండాం మానేయడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. రావులపాలెం అరటిపళ్ళు గెలలు గెలలు తినడం కూడా తగ్గించాను. ఈ మాత్ర వాడేవాళ్ళు పొటాషియం టెస్టు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు వదలకూడదు, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఇక అసలు ప్రొజెస్టిరాన్, అంటే ఒంట్లో తయారయ్యేదాని లాంటిదే, మైక్రోనైజ్డ్ అంటారు, సస్టెన్ క్యాప్సూల్. నేను ఈస్ట్రోజన్ రెండేళ్ళు సవ్యంగా వాడాక డాక్టరుని అడిగి ఆరు నెలలు వేసుకున్నాను. 2022లో వచ్చిన అంతర్జాతీయ ట్రాన్స్ వైద్య గైడ్‌లైన్స్ దీన్ని మామూలుగా వాడమని చెప్పలేదని, అడుగుతున్నావు కాబట్టి కొన్నాళ్ళు చూద్దాం అని ఆయన ముందే చెప్పారు. రాత్రి పడుకునేముందు వేసుకోమన్నారు, నేను వినకుండా ఒకరోజు మధ్యాహ్నం వేసుకుని పాలకొల్లులో బస్సెక్కాను. చించినాడ వంతెన ఎక్కడం గుర్తుంది. తర్వాత కండక్టరు "అమ్మా రాజోలండీ, దిగండి" అని లేపడమే. లివర్‌లో అది విరిగి మత్తు కలిగించే పదార్థంగా మారుతుందట. రాత్రి వేసుకుంటే మాత్రం నిద్ర బంగారంలా పట్టేది. ఛాతీ విషయం అంటావా, కుట్టుపని చేసేదాన్ని, టేపు నా మెడలోనే ఉంటుంది, ప్రతి నెలా ఒకటో తారీఖున కొలిచి రాసుకున్నాను. టేపు కదలలేదు. ఇంకొకరికి కదిలిందేమో, నాకు లేదు, అందుకే డబ్బు దండగ అని మానేశాను.

టెస్టుల గురించి రెండు ముక్కలు. ఈస్ట్రాడియాల్, టోటల్ టెస్టోస్టిరాన్, ప్రొలాక్టిన్, లివర్, పొటాషియం అడుగు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి. మాత్ర నాలుక కింద పెట్టుకుంటే గంటలో అంకె ఆకాశానికి వెళ్ళి సాయంత్రానికి దిగిపోతుంది, కాబట్టి మాత్ర వేసుకున్న ఎన్ని గంటలకి రక్తం ఇచ్చావో రాసుకో, ప్రతిసారీ అదే టైముకి ఇవ్వు. జుట్టు కోసం బయోటిన్ మింగుతుంటే రెండు మూడు రోజుల ముందు ఆపు, అది అంకెల్ని తారుమారు చేస్తుంది. ల్యాబులో నీ పేరు పక్కన మేల్ అని ఉంటే ఈస్ట్రాడియాల్ పక్కన ఎర్రగా హై అని వస్తుంది, నాకు అలా వస్తే ల్యాబు అబ్బాయి పక్కకి పిలిచి "ఏదో తేడాగా ఉందండి, వెంటనే డాక్టరుకి చూపించండి" అన్నాడు, పాపం భయపడిపోయాడు. అంకె చూడు, రంగు చూడకు. ఖర్చు అంటావేమో, నేను నాలుగు వేల పింఛను వచ్చిన రోజే టెస్టుల డబ్బు బియ్యం డబ్బాలో వేసేస్తాను, లేకపోతే ఉండదు.

మీ అక్క మీద కోపం పెట్టుకోకు. ఆవిడ కాలంలో టెస్టులు రాసేవాళ్ళు లేరు, ఒకరికి పడింది ఇంకొకరికి చెప్పుకునేవాళ్ళు. ఆవిడకి నిర్వాణం, అంటే మగ అవయవాలు తీసేసే ఆపరేషన్, అయి ఉంటే, ఇప్పుడు ఏ హార్మోనూ వేసుకోకపోతే, ఎముకల సంగతి చూపించుకోమని చెప్పు. ఆపరేషన్ తర్వాత ఒంట్లో టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజన్ రెండూ సరిపడా తయారవ్వవు, ఈస్ట్రోజన్ మానేస్తే ఎముక పలచబడుతుంది.

ఆ ఇంజెక్షన్ ఖాళీ సీసా పారేయకపోతే మీద ఏం రాసుందో చదివి ఇక్కడే రాయి, ఎన్ని మిల్లీగ్రాములో కూడా. పారేస్తే షాపులో బిల్లు అడుగు. ఈలోగా ప్రోజినోవా నీ అంతట నువ్వు పెంచకు, తగ్గించకు.