ఆ చెయ్యి అమ్మాయిదే

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి 17 ఏళ్లు. ఆరో ఏట స్కూల్లో చెల్లో (కుర్చీలో కూర్చుని వాయించే, పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) చూసి నాకదే కావాలంది. అప్పట్నుంచి పాఠాలకీ రిహార్సల్స్‌కీ తిప్పడానికని నేను ఉద్యోగం మానేశాను. రోజూ ప్రాక్టీసు చేస్తుంటే పక్కనే కూర్చునేదాన్ని. నాలుగేళ్ల కిందట నా గాజులు అమ్మి, ఇంకొంత అప్పు చేసి, 16 వేల డాలర్లు పెట్టి మంచి చెల్లో కొన్నాం. ఈ డిసెంబరు మొదటికల్లా మ్యూజిక్ కాలేజీలకి రికార్డింగులు పంపాలి. వేసవిలో మ్యూజిక్ క్యాంపుకి వెళ్లి రోజుకి ఆరు గంటలు వాయించింది. తిరిగొచ్చాక ఎడమ మణికట్టు నొప్పి అంది. డాక్టరు ఆరు వారాలు వాయించొద్దన్నారు. మొన్న అది మా చెల్లెలి కూతురికి పంపిన మెసేజ్ నా కంటపడింది. 'నొప్పి వచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నా' అని రాసింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మా వారేమో 'అంతా నాటకం, కంప్యూటర్ సైన్సులో వేసేద్దాం' అంటున్నారు. పదకొండేళ్లు దాని కోసమే బతికాను. ఇప్పుడు నేనేం చెయ్యాలి?

సలహా: అమ్మా, మీ ఉత్తరంలో ఆ మెసేజ్ దగ్గరే ఆగిపోయాను. కంటపడింది అన్నారు. పడిందో, ఫోన్ తీసి చూశారో నేనడగను. కానీ అది మనసులో పెట్టుకుని పైకి మామూలుగా మాట్లాడుతున్నారు చూశారా, మీ నిద్ర చెడగొడుతున్నది అదే. ఏదో తేడాగా ఉందని అమ్మాయికీ తెలుస్తూనే ఉంటుంది. ఆ వయసు పిల్లలు అమ్మ గిన్నె పెట్టే చప్పుడుని బట్టి కూడా విషయం పసిగట్టేస్తారు.

ఆ మాటని మీరు 'చెల్లో అంటే నాకు అసహ్యం' అని చదువుకున్నారు. నేనలా చదవలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే చెల్లో వాద్యానికి పెద్దదిక్కు లాంటి మనిషికి కూడా తోచింది.

ఆయన పాబ్లో కసాల్స్. 1876లో స్పెయిన్‌లోని కాటలోనియాలో పుట్టాడు. తండ్రి చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. సంగీతంతో పొట్ట గడవడం ఎంత కష్టమో ఆయనకి అనుభవమే కాబట్టి, కొడుకుని వడ్రంగంలో పెడదామన్నాడు. తల్లి పట్టుబట్టింది. పిల్లాణ్ణి వెంటబెట్టుకుని బార్సిలోనా తీసుకెళ్లింది. (మీ ఇంటి కథ గుర్తొచ్చిందా?) అక్కడ పదమూడేళ్ల వయసులో, పాత సంగీత ప్రతులు అమ్మే కొట్లో జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఆరు చెల్లో సూట్లు (చిన్న రచనలు కొన్ని వరుసగా కూర్చిన సంగీతం) అతని కంటపడ్డాయి. అప్పట్లో చాలామంది వాటిని చేతి సాధనకి పనికొచ్చే పాఠాలుగానే చూసేవారు. ఆ కుర్రాడు మాత్రం పన్నెండేళ్లపాటు రోజూ సాధన చేశాకే, అందులో ఒకదాన్ని పూర్తిగా జనం ముందు వాయించే ధైర్యం చేశాడు. సంగీతం మీద ప్రేమ లేనివాడు చేసే పనేనా ఇది?

అలాంటి మనిషి 1901లో అమెరికా పర్యటనకి వెళ్లి, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరున్న టమాల్‌పైస్ కొండ ఎక్కాడు. దిగుతుంటే పైనుంచి బండరాయి దొర్లి వచ్చి ఎడమ చేతి మీద పడింది. వేళ్లు నలిగిపోయాయి. ఆ క్షణంలో తనకి మొట్టమొదట తోచిందేమిటో తర్వాత ఆయనే చెప్పుకున్నాడు: దేవుడి దయ, ఇక చెల్లో వాయించక్కర్లేదు! అప్పటికి ఆయన వయసు 24. చెయ్యి కొన్ని నెలల్లో బాగైంది. 96 ఏళ్లు బతికాడు, తొంభై దాటాక కూడా వాయించాడు. కచేరీ అంటే గుండె దడ మాత్రం జీవితాంతం వదల్లేదట.

అందుకే మీ అమ్మాయి మెసేజ్ చదివి నేను కంగారు పడలేదు. భారంగా ఉందని మాత్రం అర్థమైంది. ఏది భారమో మనకింకా తెలియదు. డిసెంబరు కావచ్చు, క్యాంపులో తనకంటే బాగా వాయించేవాళ్లని చూసి రావడం కావచ్చు, గాజుల సంగతి కావచ్చు. ఆ గాజులు అమ్మిన విషయం తనకి తెలుసు కదూ? చెప్పకపోయినా తెలిసే ఉంటుంది.

మీ వారు 'నాటకం' అన్నారు. ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో మళ్లీ వినపడకూడదు. ఇంగ్లండ్‌లో జాక్లీన్ డ్యూ ప్రే అనే చెల్లిస్టు ఉండేది. అయిదో ఏడు ఇంకా నిండకముందే రేడియోలో చెల్లో విని అది కావాలని అడిగింది. తల్లి పియానో కళాకారిణి. కూతురి కోసం చిన్న చిన్న పాటలు కట్టి, పక్కన బొమ్మలు గీసి, రాత్రిపూట దిండు కింద పెట్టేది. పదహారేళ్లకి లండన్‌లో మొదటి పెద్ద కచేరీ. ఇరవై ఏళ్లకి, 1965లో, ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ రాసిన చెల్లో కన్చెర్టోని (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) రికార్డు చేసింది. ఇవాళ్టికీ ఆ రచన పేరెత్తితే ముందు ఆ రికార్డే గుర్తొస్తుంది. 1971 నాటికి వేళ్లలో స్పర్శ తగ్గడం మొదలైంది. టెన్షన్ అన్నారు, మనసుకి సంబంధించినది అన్నారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అని తేలింది 1973 అక్టోబరులో. అప్పటికామెకి 28 ఏళ్లు, కచేరీలు ఆగిపోయాయి. 1987లో, 42 ఏళ్లకే పోయింది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ అమ్మాయిది ఆ జబ్బు అని ఊహించుకుని రాత్రంతా ఇంటర్నెట్‌లో వెతక్కండి. రోజుకి ఆరు గంటలు వాయించిన చెయ్యి నొప్పి పుట్టడంలో వింతేమీ లేదు. నేను చెప్పేదల్లా, ఒంట్లో బాగాలేదని ఒకరు చెప్పినప్పుడు దాన్ని మనసు మీదికి తోసేసే అలవాటు మంచిది కాదని. ఆ మెసేజ్ ఉన్నంత మాత్రాన నొప్పి అబద్ధం అయిపోదు. నొప్పీ నిజమే, ఊపిరి పీల్చుకున్నానన్నదీ నిజమే.

చెయ్యి విషయంలో మామూలు డాక్టరుతో ఆగకండి. సంగీతకారుల చేతులు చూసే వైద్యులూ ఫిజియోథెరపిస్టులూ మీ వైపు ఉంటారు. ఒకసారి చెల్లోతో సహా తీసుకెళ్లండి. కుర్చీ ఎత్తు, కింద నేలకి ఆనించే ఊచ పొడవు, ఎడమ బొటనవేలు చెల్లో మెడని ఎంత గట్టిగా నొక్కుతోంది, ఇవన్నీ వాయిస్తుండగా చూడాల్సినవి. ఆరు వారాలయ్యాక కూడా ఒకేసారి గంట కూర్చోకూడదు. అయిదు నిమిషాలు, విరామం, మళ్లీ అయిదు నిమిషాలు. పళ్ల బిగువున భరించి వాయించమని ఎవరైనా అంటే, ఎంత పెద్ద గురువైనా సరే, ఆ మాట వినకండి.

డిసెంబరు గడువు సంగతి నాకు పెద్ద చిక్కుగా కనపడలేదు. ఏడాది ఆగి పంపేవాళ్లు చాలామంది ఉంటారు. లేదా వేరే దారి ఉంది, మామూలు కాలేజీలో చదువుతూనే వాయించుకోవడం. డ్యూ ప్రే వాయించిన 1712 నాటి స్ట్రాడివేరియస్ చెల్లో (ఇటలీలో పేరుమోసిన వాద్యాల తయారీదారు స్ట్రాడివేరి చేసినది) తర్వాత యో-యో మా అనే ప్రసిద్ధ చెల్లిస్టు చేతికి వచ్చింది. ఆయన చైనా తల్లిదండ్రులకి పారిస్‌లో పుట్టాడు. నాలుగేళ్లప్పటి నుంచి తండ్రే దగ్గర కూర్చోబెట్టుకుని బాఖ్‌ని రోజుకి కొన్ని స్వరాల చొప్పున కంఠస్థం చేయించాడు. న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో పెద్ద గురువు దగ్గర నేర్చుకున్నాక కూడా, ఆ కుర్రాడు హార్వర్డ్‌లో చేరి 1976లో మామూలు డిగ్రీ తెచ్చుకున్నాడు. దానివల్ల చెల్లో ఏమీ పాడవలేదు. మీ వారి కంప్యూటర్ సైన్సుకీ మీ చెల్లోకీ మధ్య యుద్ధమేమీ లేదని చెప్పడానికే ఈ ముచ్చట. రెండూ ఒకే కాలేజీలో కుదరొచ్చు.

అయితే మీ వారి భయంలో అర్థం లేకపోలేదు. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లోలు పది, పన్నెండు ఉంటాయి. ఒకరు రిటైరైతేనే ఒక కుర్చీ ఖాళీ. దానికి పదుల మంది పోటీ. ఎంపిక పరీక్షలో తెర వెనక కూర్చుని వాయించాలి, నడక చప్పుడుని బట్టి ఆడో మగో తెలియకుండా తివాచీ కూడా పరుస్తారు. ఎక్కువమంది చెల్లిస్టులు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, పెళ్లిళ్లలో వాయిస్తూ, దొరికిన కచేరీ చేసుకుంటూ బతుకుతారు. అదీ గౌరవమైన బతుకే, కానీ అమ్మాయికి ఇది ముందే తెలిసి ఉండాలి. పాఠాలు చెప్పే టీచర్నే నెలకి ఎంత వస్తుందని నేరుగా అడగమనండి.

ఇక మీ పదకొండేళ్లు. మా ఇంట్లో అటక మీద ఒక మృదంగం ఉంది. పదహారేళ్లుగా అక్కడే ఉంది. మా అబ్బాయి మానేసిన రెండేళ్ల వరకూ ప్రతి పండక్కీ 'ఎందుకు మానేశావురా' అని అడుగుతూనే ఉన్నాను. వాడు పండక్కి రావడం మానేశాక గానీ నాకు అడగకూడదని తెలియలేదు. ఇంతకంటే ఆ విషయం గురించి రాయలేను. మీరు ఆ రెండేళ్లు తప్పించుకోండి.

చెల్లో అమ్మకండి, కనీసం ఒక ఏడాది. మంచి వాద్యం కారులాగా ఏటేటా ధర పడిపోయే వస్తువు కాదు. చలికాలంలో హీటర్లు వేస్తే మీ దగ్గర గాలి ఎండిపోయి చెక్క పగుళ్లిస్తుంది కాబట్టి, గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. అది హాల్లో ఉండాలా, తన గదిలో ఉండాలా, పెట్టెలో ఉండాలా అన్నది మాత్రం అమ్మాయినే తేల్చుకోనివ్వండి. రేపు వాయించినా మీరు పక్కన కూర్చోవద్దు. తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి. అపస్వరం వినపడితే వంటింట్లోంచి 'ఊఁ' అనకండి. ఇదే అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు.

ఈ ఆదివారం ఇద్దరూ కారులో ఎక్కడికైనా వెళ్లండి. ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని పిల్లలు కారులో మాట్లాడతారు. ముందు మీరే చెప్పండి: 'నీ మెసేజ్ చూశాను, చూడకూడదు, తప్పు నాదే.' తనకి కోపం వస్తుంది, రానివ్వండి. ఆ తర్వాత ఒకటే అడగండి: 'చెల్లో వద్దా, డిసెంబరు వద్దా, నేను పక్కన కూర్చోవడం వద్దా?' జవాబు ఆ రోజే రావాలని చూడకండి. గాజుల మాట తనే ఎత్తితే, అవి మీ ఇష్టంతో అమ్మారని, తను తీర్చాల్సిన అప్పు కాదని చెప్పండి. అలా చెప్పలేను అనిపిస్తే, ముందు ఆ విషయం మీరూ మీ వారూ తేల్చుకోండి.

మీ చెల్లెలికి ఫోన్ చేసి 'మీ అమ్మాయిని అడిగి ఇంకేం చెప్పిందో కనుక్కోవే' అని మాత్రం అనకండి. మీ అమ్మాయి మనసు విప్పుకోవడానికి ప్రస్తుతం మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.