స్త్రీవాదులే తమలో తాము విభేదిస్తే స్త్రీవాదానికి నిలకడ లేనట్టేనా?

కాదు, స్త్రీవాదులందరినీ కలిపేది ఆడవాళ్లపై వివక్ష పోవాలన్న ఒక్క మాటే. అది ఎలా పోవాలన్న దగ్గర గొడవ పడినంత మాత్రాన ఆ మాట తప్పినట్టు కాదు. స్త్రీవాదం ఒక పార్టీ కాదు. దానికి అధ్యక్షురాలు, మేనిఫెస్టో, విప్ లాంటివేమీ ఉండవు. పైగా ఆడవాళ్లందరి బతుకూ ఒకలా ఉండదు. కులం, మతం, డబ్బు మారితే అణచివేత కనిపించే చోటూ మారుతుంది.

మహారాష్ట్ర ప్రభుత్వం 2005లో డాన్స్ బార్లలో నృత్యాలను నిషేధించినప్పుడు ఏం జరిగిందో చూడండి. ముంబై మహిళా సంఘాలు కొన్ని డాన్సర్ల పక్షాన నిలబడ్డాయి. వాళ్ల పొట్ట కొడితే గౌరవం రాదు సరికదా, ఇంకా ప్రమాదకరమైన పనుల్లోకి నెట్టినట్టవుతుందని వాదించాయి. కొందరు దళిత స్త్రీవాదులు మాత్రం నిషేధాన్నే సమర్థించారు. కొన్ని కులాల ఆడవాళ్లే తరతరాలుగా పైకులాల మగవాళ్ల ముందు ఆడాల్సి వస్తుంటే, దాన్ని ఇష్టపడి ఎంచుకున్న పని అని ఎలా అంటారని వాళ్ల ప్రశ్న. (అంత తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదది.) 2006లో బాంబే హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. కేసు తేలింది కానీ ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

చాలామంది పొరపడేదేమిటంటే, ఒక ఫెమినిస్టు అన్నదాన్ని ఇంకో ఫెమినిస్టు అన్నదాని పక్కన పెట్టి “చూశారా, డబుల్ స్టాండర్డ్స్” అనేస్తారు. అలా అనాలంటే ఆ రెండు మాటలూ ఒకే మనిషో, ఒకే సంఘమో అని ఉండాలి.