నాణేల ప్రదర్శనకు వెళ్తున్న మా పిల్లకు

చిట్టితల్లీ,

ఆదివారం హైదరాబాద్‌లో పాత నాణేల ప్రదర్శనకు వెళ్తున్నావనీ, మొదటి జీతంలో కొంత వెండి రూపాయల కోసం తీసిపెట్టావనీ మీ నాన్న చెప్పాడు. ఈ పిచ్చి మీ తాతయ్యతోనే పోయిందనుకున్నాను. ఎంత సంబరపడ్డానో, పడుకున్నాక అంత గుబులు పుట్టింది. అంతమంది మాటకారుల మధ్య నువ్వొక్కదానివే!

డబ్బు ఒకేచోట పెట్టుకోకు. భూతద్దం, చిన్న కాటా మరిచిపోకు. కాటా మాత్రం ఒట్టేసి చెబుతున్నాను. విక్టోరియా, ఎడ్వర్డ్, అయిదో జార్జి రూపాయి 11.66 గ్రాములు, వెండి నూటికి 91.7 పాళ్లు. అరుగుదలకు కొంచెం తగ్గొచ్చు గానీ, పది గ్రాములే తూగితే అక్కడే పెట్టెయ్. నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములే ఉంటుంది, దాన్ని అనుమానించకు. చార్మినార్ గుమ్మంలో ఉర్దూ ‘ఐన్’ అక్షరం ఉంటే చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఆరో జార్జివి 1940 నుంచి 1945 దాకా సగమే వెండి. 1939 రూపాయి చవగ్గా ఇస్తానంటే ఆ బల్ల దగ్గర నిలబడనే వద్దు. అది అంత అరుదు, అన్ని నకిలీలు.

మీ తాతయ్య మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అయిదో జార్జి 1911 రూపాయి చూపించేవారు. రాజుగారి అంగీ మీది ఏనుగు తొండం పొట్టిదై పందిలా కనబడిందట. జనం గగ్గోలు పెడితే మరుసటి ఏడు బొమ్మ మార్చారు. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి!

ఆయన చేసిన పొరపాటు నీకెవరూ చెప్పి ఉండరు. వాళ్లమ్మ దాచిన విక్టోరియా రూపాయలు, 1862వి, నల్లబడి ఉండేవి. ఆ తారీఖుతోనే 1874 దాకా కొట్టారు, వెనక చుక్కల తేడాలే వాటి విలువ. పట్నంలో ఒక వ్యాపారికి చూపిద్దామని బయల్దేరే ముందు రాత్రి చింతపండుతో కడిగి, విభూతితో తెల్లవార్లూ తోమారు. మాసిన బట్టలతో పిల్లల్ని పెళ్లికి పంపుతామా అన్నారు. నేను దీపం పట్టుకున్నాను. ఆ వ్యాపారి అద్దం పెట్టి ఒక్కటి చూశాడు, మిగతావి చూడకుండానే కుప్పగా త్రాసులో పోశాడు. తోమినవాటికి వెండి ధరే చెప్పాడు. ఆయన అమ్మలేదు. బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని ఊరొచ్చేదాకా నోరు విప్పలేదు.

అందుకే, తళతళలాడేది కనబడితే వెలుగులో అటూ ఇటూ వంచి చూడు. టంకశాల మెరుపైతే వెలుగు నాణెం చుట్టూ తిరుగుతుంది. తోమిన మెరుపు కదలదు. భూతద్దంలో వెంట్రుకల్లాంటి గీతలు, రాణి జడలో అరిగిన పాయలు కనిపిస్తాయి. నల్లటిదే అడిగి తీసుకో.

బిల్లు లేనిదే కొనకు. ‘పొలంలో బయటపడ్డాయమ్మా’ అని గుసగుసలాడితే వచ్చెయ్. నేను కలెక్టరాఫీసులో పనిచేసినవాణ్ణి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా ఉంది, పది రూపాయలు దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి. ఆ తంటాల్లో నువ్వు పడటం నేను చూడలేను.

మధ్యాహ్నం అన్నం మానకు. ఆకలి మీద బేరం కుదరదు.

తెచ్చినవి లక్ష్మీపూజలో పెట్టమని మీ పెద్దమ్మ పట్టుబడుతుంది. పెట్టు, కానీ పళ్లెంలో విడిగా. కుంకుమ నాణెం మీద వేయనివ్వకు. పెదనాన్న వద్దన్నాడని నా పేరు చెప్పు.

నీ పెదనాన్న